శోధన రాకముందే సిద్ధపడటం: వాక్యంతో ఎదిరించే పద్ధతి, ఒక్కో అడుగూ

ఘోర పాపాల గురించి ప్రసంగాలు చాలానే వింటాం. రోజూ మనల్ని పడగొట్టేవి మాత్రం చిన్నవి. రాత్రి అందరూ పడుకున్నాక ఫోన్‌లో చూడకూడనిది చూడటం, ఆలస్యంగా వెళ్లినందుకు నోటికొచ్చిన అబద్ధం చెప్పడం, బయటివాళ్ల మీద చూపించలేని కోపం ఇంట్లోవాళ్ల మీద వెళ్లగక్కడం, ఎదురుగా లేని మనిషి గురించి నలుగురూ కలిసి మాట్లాడుకోవడం, తోటివాడికి ప్రమోషన్ వస్తే పైకి అభినందించి లోపల కుమిలిపోవడం. ఇలాంటి వేళ గట్టిగా నిలబడితే సరిపోతుందని అనుకుంటాం. నాకు అలా అనిపించదు. ఆ నిమిషంలో కొత్తగా బలం పుట్టుకురాదు, ముందు దాచుకున్నదేదైనా ఉంటే అదే చేతికి అందుతుంది. అందుకే ఇక్కడ చెప్పేదాంట్లో ఎక్కువ భాగం శోధన (పాపం వైపు లాగే ప్రలోభం) లేని వేళ చేసుకోవాల్సిన పని.

మొదలుపెట్టే ముందు రెండు సంగతులు తేల్చుకోండి. శోధన రావడమే పాపం కాదు. యేసు "సమస్త విషయములలోను మనవలెనే శోధింపబడినను, ఆయన పాపము లేనివాడుగా ఉండెను" అని హెబ్రీ పత్రిక 4:15 చెబుతుంది. ఈ మాట తెలియక, చెడ్డ తలంపు వచ్చిందన్న దిగులుతోనే "ఇక నేను పాడైపోయినట్టే" అనుకుని పూర్తిగా లొంగిపోయేవాళ్లు చాలామంది. రెండోది, నేరం దేవుడి మీదకు నెట్టకూడదు. యాకోబు 1:14–15 చాలా సూటిగా వరుస చెబుతుంది: మనిషి తన సొంత దురాశ చేత ఈడ్వబడతాడు, మరులు కొల్పబడతాడు, ఆ దురాశ గర్భం ధరించి పాపాన్ని కంటుంది, పాపం పండి మరణాన్ని కంటుంది. ఇంత వరుస ఉందంటే మధ్యలో ఆగడానికి చోట్లు కూడా ఉన్నాయన్నమాట.

మొదటి అడుగు: మీ శోధన ఏదో పేరు పెట్టి రాసుకోండి

"ప్రభువా, నన్ను శోధనల నుండి కాపాడు" అని ప్రార్థిస్తాం. ఏ శోధన నుండి అని ఎవరైనా అడిగితే నీళ్లు నములుతాం. ఒక వారం పాటు చిన్న నోటుబుక్కులో నాలుగు విషయాలు రాయండి: ఎప్పుడు వచ్చింది, ఎక్కడున్నారు, దానికి ముందు ఏం జరిగింది, మనసు ఏ సాకు చెప్పింది. ఈ నాలుగింటిలో చివరిదే అన్నిటికన్నా ముఖ్యం.

ఉదాహరణకు ఒకాయన "అశ్లీల వీడియోలు" అని రాసి పుస్తకం మూసేశాడనుకోండి. అందులో ఆయనకు కొత్తగా తెలిసింది ఏమీ లేదు. అదే మనిషి ఇలా రాశాడనుకోండి: "రాత్రి పదకొండున్నర. మంచం మీద, ఒంటరిగా. మధ్యాహ్నం మీటింగులో అందరి ముందు మాట పడ్డాను. సాకు: రోజంతా చాకిరీ చేశాను, నాకూ కాస్త ఊరట కావాలి కదా, ఐదు నిమిషాలే." ఇప్పుడు లోపలి సంగతి బయటపడింది. పదకొండున్నరకి ఫోన్ చేతిలోకి వచ్చింది గానీ, శోధన మధ్యాహ్నం మూడింటికే మొదలైంది. ఆ అవమానాన్ని అప్పుడే దేవుడి ముందు చెప్పుకుని ఉంటే రాత్రి వేరుగా గడిచేదేమో.

2 సమూయేలు 11వ అధ్యాయం కూడా ఇలాంటి నోటుబుక్కులాగే ఉంటుంది. రాజులు యుద్ధానికి బయలుదేరే కాలంలో దావీదు రాజు యెరూషలేములో ఉండిపోయాడు. సాయంకాలం పడక మీది నుంచి లేచి మేడ మీద నడిచాడు. స్నానం చేస్తున్న ఒక స్త్రీని చూశాడు. ఆమె ఎవరని విచారించాడు. ఊరియా అనేవాడి భార్య అని జవాబు వచ్చింది. అక్కడ ఆగిపోవచ్చు, కానీ ఆమెను తీసుకురమ్మని మనుషులను పంపాడు. మీ నోటుబుక్కులో కూడా "ఇక్కడ ఆగిపోవచ్చు" అనిపించిన చోట గీత గీయండి. వారం తిరిగేసరికి ఆ గీతలు దాదాపు ఒకే చోట పడుతున్నట్టు కనిపిస్తుంది.

రెండో అడుగు: ఒంటి అలసటను లెక్కలోకి తీసుకోండి

దీన్ని ఆత్మీయ విషయం కాదని కొట్టిపారేస్తారు. బైబిలు కొట్టిపారేయలేదు. ఏలీయా ప్రవక్త చావు కోరుకుని బదరీ చెట్టు కింద పడుకున్నప్పుడు, దూత ఆయనకు ప్రసంగం చేయలేదు, లేచి భోజనం చేయమన్నాడు. ఆయన తిని మళ్లీ పడుకుంటే రెండోసారి కూడా అదే మాట (1 రాజులు 19). అపవాది (సాతాను) యేసు దగ్గరకు వచ్చింది కూడా నలభై రోజుల ఉపవాసం తర్వాత, ఆయన ఆకలిగొన్నప్పుడే. మీ నోట్సులో ఎక్కువ పాళ్లు రాత్రి పొద్దుపోయాకే ఉంటే, ముందు త్వరగా పడుకోవడం నేర్చుకోండి. అది కూడా భక్తిలో భాగమే.

మూడో అడుగు: సాకుకు తగిన వాక్యం ఎంచుకోండి

అసలు పని ఇక్కడే ఉంది. మత్తయి 4వ అధ్యాయంలో యేసు మూడు శోధనలకూ మూడుసార్లు "వ్రాయబడియున్నది" అన్నాడు. ఆ మూడు మాటలూ ద్వితీయోపదేశకాండం 6, 8 అధ్యాయాల్లోవి. ఆ అధ్యాయాలు అరణ్యంలో నలభై ఏళ్లు నడిచిన ప్రజలకు చెప్పినవి. ఆకలితో ఉన్న ఆయన్ను రాళ్లను రొట్టెలు చేయమంటే, "మనుష్యుడు రొట్టెవలన మాత్రము కాదు" అనే మాట తీశాడు. అరణ్యంలో దేవుడిచ్చిన మన్నా అనే ఆహారం తిన్న జనానికి, వాళ్ల ఆకలి గురించే మోషే చెప్పిన మాట అది (8:3). దేవాలయ శిఖరం మీద నుంచి దూకి దేవుణ్ణి పరీక్షించమంటే, "మీరు మస్సాలో శోధించినట్టు శోధింపవద్దు" అని ఇశ్రాయేలీయులకు చెప్పిన వచనం తీశాడు (6:16). ఏదో ఒక వాక్యం చదివేసి ఊరుకోలేదు, ఆ పరిస్థితికి సరిగ్గా అతికే మాటతో బదులిచ్చాడు.

నాలుగో శతాబ్దం చివర ఐగుప్తు ఎడారిలో బతికి 399లో కన్నుమూసిన ఎవాగ్రియస్ అనే సన్యాసి ఈ సూత్రాన్నే పట్టుకున్నాడు. మనిషిని వేధించే దురాలోచనలను ఎనిమిది రకాలుగా విడదీసి, ఒక్కో తలంపు ఏ మాటలతో వస్తుందో రాసి, దాని ఎదురుగా దానికి బదులు చెప్పే లేఖనం పెట్టాడు. అలా దాదాపు 500 జతలు. మనకు అన్ని అక్కర్లేదు, మూడు చాలు. నోటుబుక్కులో తరచుగా కనిపించిన మూడు సాకులకు మూడు వచనాలు.

ఇక్కడ చాలామంది పొరపడేది పాపాన్ని చూసి వచనం వెతకడం దగ్గర. సాకును చూసి వెతకండి. పైన చెప్పిన మనిషి పవిత్రత గురించిన వచనం కంఠతా పట్టవచ్చు, యోబు 31:1 "నేను నా కన్నులతో నిబంధన చేసికొంటిని" మంచిదే. కానీ ఆయన సాకు "నాకూ ఊరట కావాలి" అన్నది. దానికి నేరుగా జవాబిచ్చే మాట మత్తయి 11:28లో ఉంది: "ప్రయాసపడి భారము మోసికొనుచున్న సమస్త జనులారా, నా యొద్దకు రండి, నేను మీకు విశ్రాంతి కలుగజేతును." నీకు ఊరట అక్కర్లేదని ఈ వచనం అనడం లేదు. ఎక్కడ దొరుకుతుందో చెబుతోంది. గద్దింపు వచనాల కన్నా ఇలాంటివే రాత్రిపూట ఎక్కువ పనికొస్తాయని నా నమ్మకం.

మిగతావి కూడా ఇలాగే. "వాడలా అన్నాక ఊరుకుంటానా" అనే కోపానికి సామెతలు 15:1, "మృదువైన మాట క్రోధమును చల్లార్చును." నలుగురిలో చేరగానే నోరు అదుపు తప్పే వాళ్లకు కీర్తన 141:3, "యెహోవా, నా నోటికి కావలియుంచుము." దీన్ని తలుపు తీసి లోపలికి వెళ్లేముందే ప్రార్థనగా అనుకోవచ్చు. "ఇంకొంచెం డబ్బుంటే నిశ్చింతగా ఉంటాను" అనే ఆలోచనకు హెబ్రీ 13:5. ఆ వచనం తృప్తిగా ఉండమని చెప్పి ఆగదు, "నిన్ను ఏమాత్రమును విడువను" అన్న వాగ్దానాన్నే కారణంగా చూపిస్తుంది. అసూయకు రోమా 12:15, "సంతోషించు వారితో సంతోషించుడి." ఇది పాటించడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్లకే తెలుసు. ఏడ్చేవాళ్లతో ఏడవడమే దీనికన్నా తేలిక.

కంఠతా పట్టేటప్పుడు ముందు ఆ అధ్యాయమంతా చదవండి. తర్వాత వచనాన్ని చేత్తో రాయండి, పైకి చదవండి, రోజూ చేసే ఏదో ఒక పనికి జతచేసి చెప్పుకోండి. కళ్లతో చదివి "వచ్చేసింది" అనుకున్నది కోపంలో గుర్తుకు రాదు. నోటికి అలవాటైనదే వస్తుంది. "నీ యెదుట నేను పాపము చేయకుండునట్లు నా హృదయములో నీ వాక్యము ఉంచుకొనియున్నాను" అని కీర్తన 119:11లో అన్నవాడు ముందుగా ఉంచుకున్నాడు, అవసరం పడ్డాక వెతుక్కోలేదు.

ఒక హెచ్చరిక కూడా ఉంది. వచనం మంత్రం కాదు. అపవాది కూడా యేసుకు 91వ కీర్తన వినిపించాడు, "నీ మార్గములన్నిటిలో" అన్న ముక్క వదిలేసి. మనమూ అదే పని చేస్తుంటాం. "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అని ఫిలిప్పీ 4:13 చెప్పుకుంటూ, నాకేం కాదులే అని ప్రమాదమున్న చోటికే వెళ్తాం. పౌలు అక్కడ చెప్పింది లేమిలోనూ సమృద్ధిలోనూ తృప్తిగా ఉండటం నేర్చుకున్న సంగతి. ముందు వెనకల వచనాలు చదివితే ఈ పొరపాటు జరగదు.

నాలుగో అడుగు: దారి ముందే మూసేయండి

386లో మిలాను నగరంలో, ఒక తోటలో ఏడుస్తూ కూర్చున్న ఆగస్టీను (తర్వాత సంఘంలో పేరుపొందిన బోధకుడు) పౌలు పత్రిక తెరిచి చదివినది రోమా 13:13–14. అందులో "శరీరేచ్ఛలను నెరవేర్చుకొనుటకు శరీరము విషయమై ఆలోచన చేసికొనకుడి" అని ఉంటుంది. అంతకు ఎన్నో ఏళ్ల ముందు, కుర్రతనంలో, "పవిత్రత ప్రసాదించు, కానీ ఇప్పుడే వద్దు" అని ప్రార్థించేవాణ్ణని ఆయనే ఒప్పుకున్నాడు. మనలో చాలామంది ప్రార్థన కూడా అదే, పైకి అనమంతే.

ఆలోచన చేసుకోకపోవడమంటే ఏర్పాట్లు చేసుకోకపోవడం. వదిలేశాను అంటూనే నంబరు దాచుకోవడం, యాప్ తీసేసినా పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోవడం, అప్పుడప్పుడూ తాగే మిత్రుడితో మాత్రం సంబంధం తెంచుకోకపోవడం, ఇవన్నీ ఏర్పాట్లే. సామెతలు 5:8 జారస్త్రీ యింటి వాకిటి దగ్గరకే వెళ్లొద్దంటుంది. వాకిట్లో నిలబడి ఎలా జయించాలో నేర్పదు. కాబట్టి ఫోన్ రాత్రిపూట పడకగదిలో ఉండకూడదు, అలారం కోసమే అయితే గడియారం కొనుక్కోండి. అవసరం లేనివి కొనే జబ్బుంటే, షాపింగ్ యాప్‌లో దాచిన కార్డు వివరాలు చెరిపేయండి. ప్రతిసారీ అంకెలన్నీ కొట్టాల్సి వస్తే, ఆ లోపు మనసు మారడానికి సమయం దొరుకుతుంది. ఫలానా వాళ్లతో కూర్చుంటే చాడీలే సాగుతాయని తెలిస్తే, ఎంతసేపు కూర్చోవాలో వెళ్లేముందే అనుకోండి.

అయితే అన్నిటి నుంచీ పారిపోవడం కుదరదు. జారత్వం దగ్గర పారిపొమ్మంటుంది లేఖనం (1 కొరింథీ 6:18). అపవాదిని మాత్రం ఎదిరించమంటుంది (యాకోబు 4:7). యోసేపు పోతీఫరు ఇంట్లో దాసుడిగా పని చేస్తున్నాడు, వెళ్లిపోయే వీలు లేదు, యజమాని భార్య తనతో పాపం చేయమని "దినదినము" అడుగుతోంది. ఆమె మాట వినకపోవడమే గాక, ఆమెతో ఉండటానికే ఒప్పుకోలేదని ఆదికాండం 39:10 చెబుతుంది. చివరికి వస్త్రం వదిలేసి బయటికి పరుగెత్తాడు. మీ శోధన ఆఫీసులోనో ఇంట్లోనో ఉండి వదిలి వెళ్లలేనిదైతే, యోసేపు పద్ధతి తీసుకోండి: పని చేయండి, ఏకాంతం ఇవ్వకండి.

మూసేసిన చోట ఇంకేదైనా పెట్టాలి. దొంగిలేవాడు దొంగతనం మానితే చాలని ఎఫెసీ 4:28 అనదు, కష్టపడి సంపాదించి అక్కరలో ఉన్నవాడికి పంచమంటుంది. రాత్రి ఆ అరగంటలో ఏం చేస్తారో కూడా పగలే నిర్ణయించుకోండి.

ఐదో అడుగు: ఆ నిమిషంలో

ఇంత చేసినా శోధన వస్తుంది. అప్పుడు వాదన పెట్టుకోకండి. హవ్వ సర్పంతో సంభాషణ మొదలుపెట్టాక, దేవుడు అనని "ముట్టకూడదు" అనే మాట కూడా చేరింది. ఆ తర్వాత చూపు పండు మీదికి వెళ్లింది. వాదనలో మనం గెలిచేది తక్కువ.

పేతురు నీళ్లలో మునిగిపోతూ చేసిన ప్రార్థన "ప్రభువా, నన్ను రక్షించు" అన్నంతే. అంతే చాలు. తర్వాత ఎంచుకున్న వచనం పైకి అనండి, వినబడేలా. ఉన్నచోటు నుంచి లేవండి, గది మారండి, దీపం వేయండి. 1 కొరింథీ 10:13 "తప్పించుకొను మార్గమును కలుగజేయును" అని వాగ్దానం చేస్తుంది. ఆ మార్గం చాలాసార్లు మామూలు తలుపే. దాన్ని అద్భుతంగా ఊహించుకుని ఎదురుచూస్తూ కూర్చోకండి.

మనుషుల రూపంలో వచ్చే శోధనకు మాట ముందే సిద్ధంగా ఉండాలి. ఆఫీసు పని మీద ఊరెళ్లి వచ్చాక ఖర్చుల బిల్లు పెట్టేటప్పుడు జూనియర్ పక్కకొచ్చి అంటాడు: "అన్నా, టాక్సీ రెండుసార్లు వేసేయండి, ఎవరూ చూడరు. అందరూ అలాగే వేస్తున్నారు." అప్పుడు నిజాయితీ మీద ఉపన్యాసం దంచితే వాడు దూరమవుతాడు, నవ్వి ఊరుకుంటే రేపు మళ్లీ అడుగుతాడు. "లేదు తమ్ముడూ, ఎంతయిందో అంతే వేస్తాను. నాకు రాత్రి నిద్ర పట్టాలి" అని చెప్పి చేతిలో పని కొనసాగించడం మేలు. ఈ వాక్యం అప్పటికప్పుడు తట్టదు. అందుకే ఇంట్లో కూర్చుని ఒకసారి అనుకుని పెట్టుకోవాలి. బబులోనులో దానియేలు కూడా రాజు భోజనంతో తనను అపవిత్రపరచుకోకూడదని ముందు ఉద్దేశించుకున్నాడు, ఆ తర్వాతే అధికారితో మర్యాదగా మాట్లాడాడు (దానియేలు 1:8).

ఆరో అడుగు: ఒక మనిషికి చెప్పండి

"మీ పాపములను ఒకనితోనొకడు ఒప్పుకొనుడి" అన్న యాకోబు 5:16ను మనం చదివినంతగా పాటించం. మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ 1738లో చిన్న బృందాల కోసం నియమాలు రాశాడు. వారానికి ఒక్కసారైనా కలవాలి, కలిసినప్పుడల్లా కొన్ని ప్రశ్నలు అడగాలి: కిందటిసారి కలిశాక తెలిసి ఏ పాపం చేశారు? ఏ శోధనలు ఎదురయ్యాయి? వాటి నుంచి ఎలా బయటపడ్డారు? మూడో ప్రశ్న నాకు చాలా నచ్చింది. పడిపోవడం గురించే మాట్లాడుకుంటే సమావేశం ఏడుపుగొట్టుగా తయారవుతుంది. ఎలా తప్పించుకున్నారో చెబితే విన్నవాళ్లకు ఉపాయం దొరుకుతుంది.

ఎవరికి చెప్పాలన్నది మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. పురుషులు పురుషుడికి, స్త్రీలు స్త్రీకి. విశ్వాసంలో మీకన్నా కాస్త ముందున్నవాళ్లయితే మంచిది. ఇతరుల గుట్టు మీ దగ్గర ఎప్పుడూ విప్పనివాళ్లే అయ్యుండాలి. "ఫలానా బ్రదర్ కోసం ప్రార్థన చేయండి, ఆయనకు ఇలాంటి సమస్య ఉందట" అంటూ ప్రార్థన మనవి పేరుతో ఊరంతా చాటేవాళ్లు ప్రతి సంఘంలోనూ ఉంటారు. వాళ్ల దగ్గర వాతావరణం గురించి మాట్లాడితే చాలు.

ఏడో అడుగు: పడిపోతే

మొదటిసారి పడటం కన్నా, పడిన గంటలో జరిగేది ఎక్కువ నష్టం చేస్తుంది. "ఎలాగూ ఈ రోజు పోయింది, ఇంకొంచెం చూసి రేపటి నుంచి మొదలుపెడదాం" అన్న మాట ఎక్కువమందిని ముంచుతుంది. 1 యోహాను 1:9లో ఒప్పుకుంటే క్షమిస్తాడని ఉంది. రేపటి వరకూ ఆగమని లేదు. అక్కడే, ఆ నిమిషమే, చేసిన పనికి సరైన పేరు పెట్టి ఒప్పుకోండి. "ఏవైనా తప్పులు చేసి ఉంటే క్షమించు" అన్నది ఒప్పుకోలు కాదు.

యేసును పట్టుకున్న ఆ ఒక్క రాత్రే ఇద్దరు శిష్యులు పడ్డారు. యేసును అప్పగించిన యూదా పశ్చాత్తాపపడ్డాడనీ ముప్పై వెండి నాణేలు తిరిగి ఇచ్చాడనీ మత్తయి 27 చెబుతుంది. అయితే అతను వెళ్లింది యాజకుల దగ్గరకు. వాళ్లు "దానితో మాకేమి?" అన్నారు. అతను ఒంటరిగా వెళ్లిపోయాడు. పేతురు యేసును ఎరగనని మూడుసార్లు బొంకాడు, సంతాపపడి ఏడ్చాడు, కానీ తోటి శిష్యులను వదల్లేదు. యోహాను 21లో చేపలు పట్టడానికి వెళ్లింది కూడా వాళ్లతోనే. అక్కడే ప్రభువు అతన్ని "నన్ను ప్రేమించుచున్నావా" అని మూడుసార్లు అడిగాడు. పడినవాళ్లకు మొదట వచ్చే ఆలోచన ఈ వారం ఆరాధనకు వెళ్లకూడదని. సరిగ్గా ఆ వారమే వెళ్లండి.

మీ పాపం వల్ల ఇంకొకరికి నష్టం జరిగి ఉంటే దేవుడి ముందు ఒప్పుకున్నాక పని మిగిలే ఉంటుంది. సుంకరి జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు. అబద్ధం చెప్పిన మనిషికి నిజం చెప్పండి, తీసుకున్నది తిరిగి ఇవ్వండి. ఇంట్లో కొట్టడం, బెదిరించడం లాంటివి జరుగుతుంటే, అది ఎవరి పాపమో లెక్క తేల్చేముందు బాధపడుతున్నవాళ్లను సురక్షితమైన చోటికి చేర్చాలి. "క్షమించి సర్దుకుపో" అని సలహా ఇవ్వడం దానికి విరుగుడు కాదు.

గెలిచిన తర్వాత కూడా నోటుబుక్కు పారేయకండి. అరణ్యంలో శోధన ముగించిన అపవాది ఆయన్ను "కొంతకాలము" విడిచిపోయాడని లూకా 4:13 రాస్తుంది. ఒక సాకు పనిచేయడం మానేస్తే ఇంకొకటి వస్తుంది. రెండు మూడు నెలలకోసారి రాసింది తిరగేసి, అవసరమైతే వచనం మార్చుకోండి.

చివరగా, అలవాటు దాటి వ్యసనంగా మారినవాటి సంగతి. తాగుడు, జూదం, అశ్లీలం, ఏదైనా సరే, నెలల తరబడి ప్రయత్నించినా పట్టు వదలకపోతే కాపరితో పాటు వైద్యుణ్ణో కౌన్సెలర్నో కలవండి. ఇది విశ్వాసం తక్కువై చేసే పని కాదు. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే, పౌలు ఆయన్ను "ప్రియుడైన వైద్యుడు" అనే పిలిచాడు (కొలొస్సయి 4:14). ముఖ్యంగా ఏళ్లుగా రోజూ ఎక్కువ మోతాదులో తాగేవాళ్లు ప్రార్థన చేసుకుని ఒక్కసారిగా మానేస్తే వణుకు, మూర్ఛ, మతి తప్పడం లాంటివి వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మానాలన్న నిర్ణయం ఈ రోజే తీసుకోండి, మానే పద్ధతి మాత్రం వైద్యుణ్ణి అడిగాకే మొదలుపెట్టండి.